చిన్నక్క కర్ర మీది గీత

ఆ ఉదయం చిన్నక్క చేటలో బియ్యం ఏరుతూ, రాయి తీసి పక్కన పడేసినంత మామూలుగా ఒక మాట అంది.

"ఇయ్యాల బండి కొంటున్నం."

కొడుకు అజయ్‌కుమార్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అతను సిరొంచ బడిలో లెక్కలు చెబుతాడు. తల్లి లెక్కలు మాత్రం అతనికి ఎప్పుడూ ముందుగా అందవు.

"మోటర్‌సైకిల్ ఉంది గదనే అవ్వా."

"అది వాగు దాటదు. వాగు దాటేది గావాలె. పెద్ద వానలు పడకముందే పోయి సారక్కను తీస్కరావాలె. ఈ వానకాలం అది నా దగ్గర్నే ఉంటది."

"ఫోన్ చేస్తే వాళ్లే పంపుతరు గద?"

"ఇప్పగూడెంల గాలిదుమారం వచ్చినకాడికెల్లి కరెంటు లేదు. ఫోన్లన్నీ సచ్చి పడ్డయి. నీకు తెల్వదా?"

సారక్క చిన్నక్కకు ఒక్కగానొక్క చెల్లెలు. ఏటపల్లి వైపు అడవి దారిలో, పెద్దవాగు అవతల ఉన్న ఇప్పగూడెంలో ఉంటుంది. వాగు పొంగిందంటే దసరా దాకా ఇటువాళ్లు ఇటే, అటువాళ్లు అటే. తమ తల్లి చనిపోయిన ఏడాది అక్క ఈ ఒడ్డున, చెల్లె ఆ ఒడ్డున నిలబడి ఏడ్చారు. వాగు మోతలో ఒకరి ఏడుపు ఒకరికి వినబడలేదు. అప్పటినుంచి మబ్బు పట్టిందంటే చిన్నక్కకు గుండె దడ మొదలయ్యేది. ఈసారి దడతో పాటు పట్టుదల కూడా వచ్చింది.

కోడలు నవత మామూలుగా ఇలాంటి వాటిలో తలదూర్చదు. కానీ ఆమె చీర మార్చుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అజయ్‌కుమార్‌కు సంగతి అర్థమైంది. బండి కొనడం రాత్రే ఖాయమైపోయింది. తనకు చెప్పడం మాత్రమే మిగిలింది.

పాత కార్లు, జీపులు అమ్మే విలాస్ దగ్గర రెండే బండ్లు ఉన్నాయి. మొదటిది వెండి రంగు కారు. చిన్నక్క తన మగడు బతికున్న రోజుల్లో సంతలో ఎన్నో ఎద్దుల జతలను ఎంపిక చేసిన మనిషి. ఎద్దుకూ బండికీ ఆమె తేడా పెట్టలేదు. చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక భాగం మీద అరచేత్తో చరిచింది. ముందు మూత తెరిపించి, పళ్లు చూసినట్టు లోపలికి వంగి చూసింది. చివరికి పక్కనున్న పొలం గట్టు మీద నడిపించమంది. బండి పొట్ట గట్టుకు రాసుకుని బర్రుమంది.

"కడుపు నేలకు తాకుతున్నది. ఇది పడుకునే ఎద్దు. వద్దు."

"పెద్దమ్మా, మంచిగ ఇంటిల్లిపాది తిరిగిన బండి ఇది. ఎక్కుడు దిగుడు ఎంత ఆరామ్ ఉంటదో చూడు జర."

"ఎక్కుడు దిగుడు ఎవనికి గావాలెరా? నాకు దాటుడు గావాలె."

రెండోది తెల్ల జీపు. ఛాతీ వెడల్పు, గొంతు గట్టిది. తాళంచెవి తిప్పగానే పెట్టిన రంకెకు పక్క దుకాణంలో కుక్క లేచి వెళ్లిపోయింది. చిన్నక్క మొహం విప్పారింది.

"ఇదే. దీన్ని దుర్గయ్య షెడ్డుకు కొట్టు. ఇంకా లేపియ్యాలె."

దుర్గయ్య అడవి రోడ్ల గుత్తేదారులకు బండ్లు ఎత్తు పెంచేవాడు. స్ప్రింగుల కింద ఇనుప దిమ్మెలు వేసి, పెద్ద టైర్లు బిగిస్తాడు. "ఎంత లేపాలె అక్కా?" అని అడిగాడు.

చిన్నక్క తన చేతికర్ర ఇచ్చింది. అది రొమ్ముల దాకా వచ్చే వెదురు కర్ర. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. కిందటేడు చివరిసారి వాగు దాటి వచ్చేటప్పుడు, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అక్కడ కొడవలితో గీత కోసుకుంది.

"గీ గీత నీళ్ల మట్టం. బండి తలుపు గడప దీనికి తగ్గొద్దు."

సరిగ్గా అప్పుడు విలాస్ నిమ్మకాయలు తెచ్చాడు. చక్రాల కింద పెట్టి తొక్కించాలి కదా. రెండే తెచ్చాడు. చిన్నక్క గిర్రున అటు తిరిగింది.

"నాలుగు చక్రాలకు రెండు నిమ్మకాయలేందిరా? వెనుక చక్రాలకు దిష్టి తగలదా?"

"వెనుకటియి ముందటి వాటి మీదికెల్లే పోతయి గదా పెద్దమ్మా!"

ఈ వాదం తెగేలోగా దుర్గయ్య కర్రను బండికి ఆనించి నిలబెట్టాడు. తలకిందులుగా నిలబెట్టాడు. మోకాలి దగ్గర ఉండాల్సిన గీత నడుము దగ్గరికి వచ్చింది. అతను రెండుసార్లు చూసుకున్నాడు.

"అక్కా, నిజంగ గింతనా?"

చిన్నక్క తల తిప్పకుండానే జవాబిచ్చింది. "గీత ఎంతుంటే అంత. జరంత తగ్గినా ఊకోను."

వారానికి బండి ఇంటి ముందుకు వచ్చింది. నవత బయటికొచ్చి మెడ వెనక్కి వంచి చూసింది.

"అత్తమ్మా, ఇది బండా, మంచెనా?"

"వాగు జూసినంక అడుగు గా మాట."

అత్తను ఎక్కించడానికి కోడలు కింది నుంచి నెట్టింది, కొడుకు పై నుంచి లాగాడు. చిన్నక్క మధ్యలో ఆగిపోయింది. చివరికి చింతకాయ దులిపే వెదురు నిచ్చెన తెచ్చి ఎక్కించారు. దిగడానికి కూడా అది కావాలి కాబట్టి, నిచ్చెనను బండి పైకప్పుకు తాళ్లతో కట్టారు. ఇంటికి తాళం వేసి ముగ్గురూ బయలుదేరారు.

వాగుకు కొంత దూరంలో ఒక గూడెం ఉంది. దుమారానికి అక్కడ కూడా కరెంటు పోయింది. ఎత్తయిన తెల్ల బండి, దాని నెత్తిన నిచ్చెన కనబడగానే పిల్లలు కేక పెట్టారు. "కరెంటోళ్లొచ్చిండ్రు!" ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. జంగుబాయి అనే ముసలామె బండికి ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది.

అజయ్‌కుమార్ కిందికి దూకాడు. "అవ్వా, మేం కరెంటోళ్లం గాదు. నేను బడి పంతులును."

"పంతులుకు నిచ్చెనెందుకు?"

"మా అవ్వను దింపెటందుకు."

జంగుబాయి తలెత్తి చిన్నక్కను చూసింది. చిన్నక్క కిటికీలోంచి కిందికి చూసింది.

"ముసలామెను గంత ఎత్తు మీద కూసోబెట్టి తిప్పుతరా ఎవలన్న? అబద్ధం జర అతికేటట్టు చెప్పు బిడ్డా. స్తంభం గాడుంది, నడువు."

వివరించిన కొద్దీ జనం పెరిగారు. ఒకతను చాయ్ తెచ్చాడు, ఇంకొకతను తెగిన తీగ తెచ్చాడు. ఆ గుంపు పక్కనుంచి వెండి రంగు బండి ఒకటి హారన్ కొడుతూ సిరొంచ వైపు దూసుకుపోయింది. చిన్నక్క దాన్ని గుర్తుపట్టింది.

"నేను వద్దన్న బండే గది! ఏ తెలివితక్కువోడు కొన్నడో."

చివరికి మోటర్‌సైకిల్ మీద అసలు లైన్‌మన్ వచ్చాడు. గొడవ తీరిందని అజయ్‌కుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. లైన్‌మన్ మాత్రం అతని వంక చూడలేదు. పైకప్పు వంకే చూశాడు.

"మా నిచ్చెన ఇరిగింది సార్. మీదిచ్చిపోండ్రి. రేపు ఇంటికి పంపిస్త."

ఇవ్వనంటే జంగుబాయి చాప మీద నుంచి లేచేలా లేదు. నిచ్చెన అక్కడే ఉండిపోయింది. బండి కదిలింది. చిన్నక్క ఇక దిగే దారి లేదని నవతకే ముందు తట్టింది.

వాగు వచ్చింది. నడిమధ్యన మేకలు నిలబడి నీళ్లు తాగుతున్నాయి. ఒకతను పంచె మోకాళ్ల పైకి చెక్కి, బీడీ ఆరకుండా అవతలికి నడిచిపోయాడు. అజయ్‌కుమార్ ఆ నీళ్లను చూశాడు. నడుమెత్తున ఉన్న బండి గడపను చూశాడు. లెక్కల పంతులు కాబట్టి మనసులోనే తీసివేత చేసుకున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. సారక్క కొడుకు ఉమేష్.

"అన్నా, యాడున్నరు? అమ్మను తీస్కొని మీ ఇంటికొచ్చిన. తాళమేసి ఉన్నది. పోయిన వారం విలాస్ దగ్గర ఓ బండి గొన్న. దాంట్లనే ఫోన్ కూడ చార్జి పెట్టుకున్న."

"ఏ రంగుది తమ్మీ?"

"వెండి రంగుది."

అజయ్‌కుమార్ ఫోన్ కట్టేసి తల్లి వైపు తిరిగాడు. చిన్నక్క అంతా విన్నది. "ఏం చూస్తున్నవ్? మలుపు బండి" అంది.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరారు. సారక్క గడప మీద కూర్చుని, తాళం వైపు అనుమానంగా చూస్తోంది. అక్కను చూడగానే లేచి వచ్చింది. చేతులు చాపింది. అందలేదు. చిన్నక్క కిందికి వంగింది. అప్పటికీ అందలేదు.

"దిగరాదే అక్కా!"

"నిచ్చెన లేదే."

"నిచ్చెనా? గా గూడెంల నిచ్చెన కట్టిన బండిల ఉన్నది మీరేనా? మేం చూసినం. కరెంటోళ్లనుకున్నం!"

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?" అని చిన్నక్క కర్ర కిందికి చాపింది. ఆ కొస సారక్క పట్టుకుంది, ఈ కొస చిన్నక్క పట్టుకుంది.

"గిన్నేండ్లు వాగు అడ్డమున్నది. ఇప్పుడు నీ బండి అడ్డమొచ్చింది" అంటూ సారక్క కర్రను బొటనవేలితో తడిమింది. వేలు గీత దగ్గర ఆగింది. "ఇది మోకాలి లోతు గీత గదా. కొడవలిచ్చింది నేనే. గింత ఎందుకు లేపించినవే? కర్ర కిందిమీద జేసిండ్రా ఏంది?"

నవత కొంగు నోట్లో కుక్కుకుంది. అజయ్‌కుమార్ వెళ్లి తలుపు తాళం తీశాడు, అది చాలా ముఖ్యమైన పని అన్నట్టు.

ఉమేష్ వెండి రంగు బండిని తెచ్చి తెల్లబండి పక్కకు ఆనించి నిలిపాడు. దాని ముందు మూత మీద గోనెసంచి పరిచాడు.

"పెద్దమ్మా, దీని మీద కాలు పెట్టి దిగు."

"గా బండి మీదనా? గది పడుకునే ఎద్దురా."

"పడుకున్నది గనుకనే దిగుతున్నవ్. రా!" అంది సారక్క.

చిన్నక్క దిగింది. మూత కొంచెం సొట్ట పడింది. ఉమేష్ చూడనట్టు ఊరుకున్నాడు. అక్కచెల్లెళ్లు పట్టుకున్న చేతులు వదలకముందే వాన మొదలైంది. పెద్ద చినుకుల వాన. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి చిన్నక్క మబ్బు వంక చూసి, కురిస్తే కురవనీ అనుకుంది.

ఆ తర్వాత కొత్త బండి ఎలా ఉందని ఎవరడిగినా, బండికి వంక పెట్టడానికి లేదనీ, దిగడానికి పక్కన ఇంకో బండి ఉంటే చాలనీ చిన్నక్క చెప్పేది.