గుండు వెనక ఎన్ని అడుగులు?

ప్రజాస్వామ్యాన్ని కాపాడేది కోర్టులు కాదు, ఎన్నికలు కాదు. సాల్మన్ చేపకు వేసే ఎరకు వదిలే దారం పొడుగు! నవ్వకండి. మిచిగాన్ సరస్సు ఒడ్డున, మా రేవులో, ఇది రుజువైపోయింది.

తెలియనివాళ్లకు ఒక్క ముక్క. పడవ నడుస్తుండగా తీగకు కట్టిన సీసపు గుండును లోతుకు దించుతారు. గాలపు దారాన్ని ఆ గుండు దగ్గర క్లిప్పుకు తగిలిస్తారు. గుండుకు ఎన్ని అడుగుల వెనక ఎర ఆడాలి? ప్రశ్నంతా ఇదే. దీనిమీద మా ఊళ్లో ఒక చర్చి రెండుగా చీలింది, ఒక పెళ్లి ఆగింది. "నీళ్లను బట్టి" అన్నవాడిని రెండు చర్చిలూ రానివ్వలేదు.

ఇలాంటి తగువనే గొప్ప వరాన్ని తలనొప్పి అంటారే, వాళ్లకు బుద్ధుందా?

లవాన్ సోబ్‌చాక్‌నే చూడండి. వేసవంతా తన పడవలో జనాన్ని చేపల వేటకు తిప్పి బతికేది. ఏటి ఒడ్డున సర్కారు చెరువుల్లో సాల్మన్ పిల్లల్ని పెంచి సరస్సులోకి వదిలితేనే ఆ వేట. ఆ చెరువులు మూసేస్తామని కబురొచ్చింది. మూస్తే లవాన్ పడవ ఒడ్డెక్కాల్సిందే. అందుకే ఇంటింటికీ ఫోన్లు చేసి, శుక్రవారం ఊరంతా కలిసి తినే చేపల వేపుడు మాన్పించి మరీ అందర్నీ సర్కారు పెట్టిన సభకు లాక్కొచ్చింది. మొదట మాట్లాడేది తనే.

వచ్చిన అధికారి చాలా మర్యాదస్తుడు. లవాన్ నోరు తెరవబోతుంటే, తనకూ వేట సరదా ఉందని, గుండు వెనక ఎన్ని అడుగులు వదలాలో ఊరి పెద్దలు చెబితే నేర్చుకుంటానని అన్నాడు.

"ఐదు," అన్నాడు లవాన్ అక్క మొగుడు వెర్లిన్. "అంతకు మించి వదిలేది చేప కోసం కాదు, పక్క పడవ కోసం."

లవాన్ గుండెల్లో చెరువులున్నాయి. నాలుక మీద మాత్రం ఇరవై ఉంది. ఏది బయటికొస్తుంది? మీరే చెప్పండి!

"ఐదడుగులకి చేప గుండు చూసే పారిపోద్ది బావా. నీకు పడేవన్నీ కళ్లు కనపడనివి."

"కనపడకపోతేనేం, నా పళ్లెంలోకి దారి తెలిసింది. నువ్వు ఇరవై వదిలి మలుపు తిప్పితే దారాలన్నీ జడేసుకుంటాయి. రిబ్బను కూడా కడతావా?"

ఇక సభంతా లేచి వాదనలోకి దిగింది. పాస్టరుగారు బూటుతో నేల కొలిచారు. ఎవరో పక్క ఆటల హాల్లోంచి సీసపు గుండంత బరువున్న బౌలింగ్ బంతి తెచ్చి, దానికి తళతళలాడే రేకు ఎర కట్టి కుర్చీల మధ్య ఈడ్చారు. చేప ఎటునుంచి వస్తుందో చూపించడానికి మాజీ మేయరు బోర్లా పడుకుని పాకాడు. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఇంతకన్నా శాంతిభద్రతలు ఎక్కడున్నాయి?

చెరువుల మూసివేతకు అభ్యంతరాలున్నాయా అని అధికారి మెల్లగా అడిగాడు.

"కాస్త ఆగవయ్యా," అంది లవాన్, నేలమీద టేపు పట్టుకుని. "ఇంకా కొలవడం అవలేదు."

అభ్యంతరాలు లేవని రాసుకుని ఆయన వెళ్లిపోయాడు.

చెరువులు ఎండాయి. కొన్నేళ్లకు సరస్సులో సాల్మనూ ఖాళీ అయింది. ఇప్పుడు లవాన్ పడవ పెరట్లో దిమ్మెల మీద ఉంది. మొన్న ఆమె అందులో కూర్చుని ఉంటే వెర్లిన్ కంచె దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తల దించాడు.

"నువ్వే గెలిచావులే లవాన్. ఐదుకి ఒక్కటీ పడట్లేదు."

"ఇరవైకీ పడవు బావా. చేపలుంటే కదా."

వెర్లిన్ కంచె మీదికి వంగాడు.

"ముప్పై వేసి చూశావా?"