ఎనిమిది వేల పదిహేడో బడి

పాఠశాలల మంత్రిగారిది మాటంటే మాటే. "నూటికి ఎన్ని బడుల పైకప్పులు ప్రమాదంలో ఉన్నాయో శుక్రవారం ఒకే ఒక్క అంకెలో ప్రకటిస్తాను. నా హయాంలో అటూ ఇటూ ఊగే అంకెలుండవు!" అని పత్రికలవాళ్ల ముందు బల్ల గుద్ది చెప్పారు. బల్ల కొత్తది కాబట్టి తట్టుకుంది.

గురువారం ఉదయం గణాంకాధికారి ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాడు. మొత్తం ఎనిమిది వేల బడుల్లోంచి లాటరీ తీసి వంద బడుల్ని తనిఖీ చేయించాడు. లాటరీలో వచ్చిన పదిహేడో బడిలోనే అతని కూతురు నాలుగో తరగతి చదువుతోంది. ఆ బడి స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఇంజినీరు "ఎప్పుడైనా కూలవచ్చు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. మంత్రిగారు సంతకం పెడితే మరమ్మతు మొదలవుతుంది. అతని ఆశంతా ఆ సంతకం మీదే.

"సార్, వందలో ముప్పై ప్రమాదకరం. అంటే అన్ని బడులూ కలిపి చూస్తే నూటికి ఇరవై ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా ఉండొచ్చు. తొంభై అయిదు శాతం నమ్మకంతో చెప్పొచ్చు."

"మిగతా అయిదు శాతం నమ్మనిదెవరు? ప్రతిపక్షమా?"

"కాద్సార్, లెక్క పద్ధతే అంత. చూసింది వందే కదా."

"ఎన్ని చూస్తే ఈ ఊగుడు ఆగుద్ది?"

"వంద రెట్లు చూస్తే పదో వంతుకొస్తుంది సార్. కానీ అన్ని బడులు మనకి..."

మంత్రిగారు అప్పటికే పి.ఎ. వైపు తిరిగారు. మేధావులు వాక్యం పూర్తయ్యేదాకా ఆగరు.

"ఏమయ్యా, మన జిరాక్సు మిషను పనిచేస్తోందా?"

"నిమిషానికి అరవై కాపీలు సార్!"

"ఈ వంద తనిఖీ ఫారాల్నీ పదివేలు చెయ్యి. వరసగా నంబర్లెయ్యి."

గణాంకాధికారి ఫారాలకు అడ్డంగా చెయ్యి పెట్టాడు. "సార్, అవే వంద బడులు సార్! ఎన్ని కాపీలు తీసినా కొత్తగా తెలిసేదేముంటుంది?"

"మీ అమ్మాయి ఫొటో వంద కాపీలు తీయిస్తే మొహం మారుద్దా?"

"మారదు సార్."

"మరి! నూరుసార్లు చూసినా అదే మొహం. నమ్మకం పెరిగిందా, లేదా?"

సాయంత్రానికి పి.ఎ. చెమటలు కక్కుతూ వచ్చాడు. "సార్, ఫారాలు పదివేలయ్యాయి. బడులేమో ఎనిమిది వేలే ఉన్నాయి."

మంత్రిగారి మొహం మెల్లగా వెలిగింది.

శుక్రవారం ఆయన "ముప్పై!" అని ప్రకటించారు. చప్పట్లు ఆగాక మరో శుభవార్త చెప్పారు. ఒక్కరోజులో రెండు వేల కొత్త బడులు వెలిశాయి. ప్రమాదకరమైన బడుల పిల్లల్ని సోమవారమే వాటిల్లోకి మారుస్తారు. కాబట్టి మరమ్మతుల అవసరం లేదు.

"ఎక్కడున్నాయండీ ఆ బడులు?" అన్నాడో విలేఖరి.

"ఫారాల్లో అడ్రసులున్నాయి చూసుకోండి!"

గణాంకాధికారి ఇంటికీ ఉత్తర్వు వచ్చింది. 'పదిహేడో నంబరు బడి ప్రమాదకరం. మీ అమ్మాయిని ఎనిమిది వేల పదిహేడో నంబరు బడికి బదిలీ చేయడమైనది.' కింద అడ్రసుంది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు.

సోమవారం కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లేసరికి, పెయింటరు నిచ్చెనెక్కి గేటు మీద కొత్త నంబరు రాస్తున్నాడు.

"నాన్నా, మా టీచరు కూడా ఈ బడికే వచ్చేసింది!" అంది కూతురు సంబరంగా.

హెడ్మిస్ట్రెస్ నవ్వుతూ రిజిస్టరు అతని ముందుకు జరిపింది. "కొత్త అడ్మిషనా? ఇక్కడ సంతకం పెట్టండి."

'భవనం వయసు' అన్నచోట 'మూడు రోజులు' అని రాసి ఉంది. అతను పెన్ను తీశాడు. ఇంతలో అరచేతంత పెచ్చొకటి పైనుంచి ఊడి, సరిగ్గా ఆ కాగితం మీద పడింది.

ఆవిడ దాన్ని పక్కకు తోసి, దుమ్ము ఊదేసింది.

"కొత్త బిల్డింగు కదండీ, మొదట్లో కాస్త రాలుతుంది. పెట్టండి."