తాబేలుకి కేటాయించిన చిరుత

ఒక పెద్ద అడవి, ఆ అడవికి ఒక సింహం, ఆ సింహానికి ఒక పెద్ద అపోహ.

తను ఎటు వెళ్తే అటు జంతువులన్నీ పరుగులు తీస్తున్నాయి. తను పడుకుంటే అవీ నింపాదిగా గడ్డి మేస్తున్నాయి. దాంతో అడవిలో చురుకుదనమంతా తనవల్లే పుడుతోందని దానికి నమ్మకం కుదిరింది. వెంటనే భయాల శాఖ పెట్టించి, ముళ్లపందిని అధికారిగా వేసింది. ఇకమీదట ఏదైనా సాధించాలనుకున్న ప్రతి జంతువు వెనకా భయపెట్టేవాణ్ణి ప్రభుత్వమే ఉచితంగా నియమిస్తుంది.

మొదట, చెరువుకెళ్లి నీళ్లు తాగాలనుకున్న జింక వెనక తోడేలుని వేశారు. జింక చెరువు దాటి, అడవి దాటి, పక్క అడవిలోకి పోయింది. మళ్లీ రాలేదు. అనుకున్నదానికంటే ఎక్కువే సాధించిందని ముళ్లపంది డప్పు వేయించింది.

అలాంటి రోజుల్లో చిట్టెన్న అనే తాబేలు కొండెక్కుతోంది. అంతకుముందు కొండమీంచి దిగే వాగులో ఒక మోదుగు పువ్వు కొట్టుకొచ్చి దాని ముక్కుకి తగిలింది. ఒక్క పువ్వే ఇంత ఎర్రగా ఉంటే చెట్టంతా పూస్తే ఎలా ఉంటుందో! అప్పట్నుంచి దానికి తిండి సయించలేదు. పువ్వులు రాలిపోకముందే కొండమీది ఆ చెట్టుని కళ్లారా చూడాలి, అంతే. కూనిరాగం తీసుకుంటూ సగం కొండ ఎక్కేసింది కూడా.

ముళ్లపంది ఎదురొచ్చి ఆపింది.

“నీ వెనక ఎవరూ లేరేం?”

“లేరండి. ముందర పువ్వుందండి.”

“దానికి కోరలున్నాయా?”

“లేవండి. ఎర్రగా ఉంటుందండి.”

“కోరలు లేనిది నిన్నెలా నడిపిస్తోందయ్యా? ఇది చెల్లదు.”

సాయంత్రానికల్లా చిరుతని కేటాయించారు. చిరుత వస్తూనే గాండ్రించింది. చిట్టెన్న తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుంది. తాబేలు భయపడితే చేసేది అదే కదా. అడవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. శాఖకి తెలీదు. భయం చాలలేదని ఎలుగుబంటిని కూడా వేశారు. రెండూ వంతులేసుకుని అరిచాయి. డిప్ప కదల్లేదు. పైన పువ్వులు రాలడం మొదలైంది. గాలికి ఒక రేక కొట్టుకొచ్చి డిప్ప మీదే వాలింది. లోపలున్నదానికి తెలియనే లేదు.

ఈలోగా సింహంగారు స్వయంగా కొండమీదికి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. తాబేలు ఆ మోదుగు చెట్టు కింద కనబడకపోతే ఎవరి తోలు వాళ్ల ఒంటిమీద ఉండదని ముళ్లపంది చెప్పి వెళ్లింది.

చిరుతకి చెమటలు పట్టాయి. గాండ్రింపు ఆపితే ఉద్యోగం పోతుంది కాబట్టి, గాండ్రిస్తూనే బతిమాలింది.

“గుర్ర్... బాబ్బాబు, ఒక్క కాలు బయటపెట్టు నాయనా. గుర్ర్... పిల్లలు గలవాణ్ణి.”

“మీరు కాస్త అలా వెళ్తే నేనే నడుస్తానండి,” అని లోపల్నుంచి సన్నగా వినిపించింది.

“వెళ్లడానికి ఆర్డరు లేదయ్యా,” అని చిరుత ఏడ్చింది.

చివరికి ఎలుగుబంటి డిప్పని నెత్తికెత్తుకుంది. చిరుత వెనకనుంచి తోసింది. రెండూ రొప్పుకుంటూ కొండ చివరిదాకా పరిగెత్తాయి. భయం పనిచేస్తుందని ఆ శాఖలో రుజువైంది ఆ ఒక్కసారే.

సింహం వచ్చింది. మోదుగు చెట్టు కింద డిప్పని చూసి మురిసిపోయింది. మెచ్చుకోలుగా కొండ అదిరేలా గర్జించింది. అప్పుడే బయటికి రాబోతున్న చిట్టెన్న ముక్కు మళ్లీ లోపలికి పోయింది. ఆ గర్జనకి కొమ్మల్లో మిగిలిన కాసిని పువ్వులూ రాలిపోయాయి. చిరుతకీ ఎలుగుబంటికీ అక్కడే సన్మానం చేశారు. ముళ్లపందికి కూడా శాలువా కప్పారుగానీ అది కప్పగానే పీలికలైంది. ఉపన్యాసాలయ్యాక అందరూ విందుకి దిగిపోయారు.

అంతా సద్దుమణిగాక చిట్టెన్న తల బయటపెట్టింది. పైన ఒట్టి కొమ్మలు. కింద వాడిపోతున్న రేకులు. వాటి మధ్యే కాసేపు ఏడుస్తూ కూర్చుంది.

ఆ కొమ్మల్లోంచి బయల్దేరుతున్న తేనెటీగ ఒకటి దాన్ని చూసి జాలిపడింది. అవతలి కొండమీద చెట్టు ఇంకా మొగ్గలోనే ఉందనీ, తనూ అక్కడికే పోతున్నాననీ చెప్పింది.

చిట్టెన్న కళ్లు తుడుచుకుని అటూ ఇటూ చూసింది.

“మెల్లగా చెప్పక్కా, ఆఫీసువాళ్లు వింటారు,” అని, పొదల చాటుగా నడక మొదలుపెట్టింది.

నీతి కావాలంటే ఇదే: మనసులో ఆశ పెట్టుకున్నవాడు పెద్దల కంట పడకూడదు, సాయం చేసేస్తారు.