లోపలి చక్రం

ఆ గురువారం పొద్దున ఎల్డన్ ప్రూయిట్ వేసుకున్న పథకంలో భయపడాల్సిన పని ఎక్కడా లేదు. పక్క పశువుల రాంచ్ వాళ్ళ కోడెల్ని ట్రెయిలర్లో ఎక్కించుకోవడం, డ్రై ఫోర్క్ సంతలో వేలానికి దించడం, దారిలో జూనెల్ హోటల్లో కాఫీ తాగి పీకన్ పై అనే తీపి రొట్టె ఒక ముక్క తినడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. టెక్సాస్ ఉత్తరపు కొసన ఊరివాళ్ళ పశువుల్ని ఈ కొట్టం నుంచి ఆ కొట్టానికి తోలి బతికే మనిషికి ఇంతకన్నా మామూలు రోజు ఉండదు. కోడెలు బుద్ధిగా ఎక్కాయి, బుద్ధిగా దిగాయి. పశువులు ఎక్కి ఉన్నంతసేపూ ఎల్డన్ బండిని యాభై దాటనివ్వడు కాబట్టి దారి పొడుగునా ఏ గొడవా లేదు.

ఖాళీ బండితో హైవే ఎక్కి, అరవై ఐదు మైళ్ళ వేగం అందుకున్నాక మొదలైంది. స్టీరింగ్ మీద అతని చేతులు వణుకుతున్నాయి. ఏదో కొద్దిగా కాదు, జల్లెడ పట్టినట్టు వణుకుతున్నాయి.

వేరే ఎవరైనా అయితే బండిని తిట్టుకునేవాళ్ళు. ఎల్డన్‌కి మాత్రం వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. సరిగ్గా ఈ వయసులోనే ఆయన కాఫీ కప్పు సాసరు మీద గలగలమనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చొక్కా గుండీలు, ఆ తర్వాత చెంచా. చివరికి బండి తాళాలు ఆయన చేతిలోంచి తీసుకున్నది ఎల్డనే. పైగా వచ్చే సోమవారం డ్రైవర్లకు జరిపే వైద్య పరీక్ష ఉంది. చేతులు వణికే మనిషికి ఏ డాక్టరూ సంతకం పెట్టడు. సంతకం లేకపోతే బండి లేదు, బండి లేకపోతే ఎల్డన్‌కి ఇంకో విద్య రాదు.

జూనెల్ హోటల్లో కప్పు ఎత్తాడు. అంతసేపు స్టీరింగ్‌ని పీక పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చిన చేతులు, దానికి తోడు భయం. కాఫీ సగం బల్ల మీదే పోసుకున్నాడు.

"ఏంటి ఎల్డన్, ఒంట్లో బాలేదా?" అంది జూనెల్, గుడ్డతో బల్ల తుడుస్తూ.

"బాగానే ఉన్నాను."

"పై ముక్క ముట్టుకోలేదేం మరి?"

ఎల్డన్ డబ్బులు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. జూనెల్ ఇన్నేళ్ళ హోటల్ జీవితంలో ఎల్డన్ పై ముక్క వదిలేసి వెళ్ళడం ఎన్నడూ చూడలేదు. ఆమెకి కాఫీ ఒలకడం కంటే అదే ఎక్కువ భయం వేసింది.

ఒక్క ఆశ మిగిలింది. తప్పు బండిదేమో. దాణా కొట్టు నడిపే బావమరిది వెండెల్ దగ్గరకు వెళ్ళి, టైర్లు ఒకసారి చూడమన్నాడు. ఈ బండికి వెనక కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, జోడు జోడుగా చక్రాలుంటాయి. లోపలి చక్రంలో గాలి చూడాలంటే మోకాళ్ళ మీద పడి, చెయ్యి భుజందాకా లోపలికి దూర్చాలి. ఆ జిల్లాలో మగవాళ్ళు చర్చిలో తప్ప మోకాళ్ళ మీద పడరు. బయటి చక్రాన్ని దుడ్డుకర్రతో ఒక్కటి వేస్తారు. అది ఖంగుమంటే లోపలిది కూడా బాగున్నట్టే లెక్క. తాతల నాటి నుంచీ అదే పద్ధతి, వెండెల్ ఆ పద్ధతికి పెద్ద పూజారి.

వెండెల్ కర్ర పట్టుకుని బండి చుట్టూ తిరిగాడు. ఖంగు, ఖంగు.

"మద్దెలలా మోగుతున్నాయి బావా! నీ బండికేం, పెళ్ళికొడుకులా ఉంది."

"సరిగ్గా చూశావా?"

"నేను కొట్టి చెప్పానంటే ఇంక తిరుగుందా?"

ఎల్డన్ ముఖం పాలిపోయింది. "అయితే తేడా నాలోనే ఉందన్నమాట," అని తనలో తాను గొణుక్కుని, వెండెల్‌తో చెయ్యి కలిపి బండెక్కాడు.

అది వెండెల్ చెవిన పడింది. వెండెల్ మంచివాడే, కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే జూనెల్‌కి ఫోన్ చేశాడు. ఆమె పై ముక్క వదిలేసిన సంగతి చెప్పింది. ఇద్దరూ కలిసి పాస్టరు భార్యకి చెప్పారు. ఆ చర్చిలో ప్రార్థనల గొలుసు అని ఒకటుంది. ఎవరికైనా కష్టం వస్తే ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి ప్రార్థించమని చెప్పాలి. వార్త మొదటి ఇంట్లో 'ఎల్డన్‌కి నలతగా ఉంది'. మూడో ఇంటికి వచ్చేసరికి 'నరాల జబ్బు'. గొలుసు చివర ఉన్న ఐవీ స్కాగ్స్ అనే ముసలావిడ దగ్గరకు చేరేసరికి ఎల్డన్ ఈ వారం దాటడం కష్టం.

భయంతో ఎల్డన్ నలభై దాటకుండా ఇంటికి పాక్కుంటూ వచ్చాడు. చిత్రం, చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. భార్య లవోన్‌కి ఏమీ చెప్పకూడదు, సోమవారం దాకా గుట్టుగా ఉండాలి అని గట్టిగా నిర్ణయించుకున్నాడు. వాకిలి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు పికప్పులూ కార్లూ బారులు తీరి ఉన్నాయి. జనం గాజు పళ్ళేలు పట్టుకుని లోపలికి వెళ్తున్నారు. చీజ్ పోసి కాల్చిన బంగాళాదుంపలు, చికెన్ నూడుల్స్, పళ్ళెం అడుగున ఎవరిది వాళ్ళ పేరుతో అంటించిన టేపు ముక్క. ఆ పళ్ళేలు ఆ ఊళ్ళో ఊరికే రావు. ఇంట్లో ఎవరైనా పోతే వస్తాయి.

"లవోన్!" అని కేక పెట్టి, బండి కొట్టం దగ్గరే వదిలేసి, ఎల్డన్ పరిగెత్తాడు. భార్య పోయిందనే అనుకున్నాడు. ఆమె వంటింట్లోంచి ఏడుస్తూ ఎదురొచ్చి అతన్ని వాటేసుకుంది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు తడిమి చూసుకున్నారు.

"ఎవరు పోయారే?" అన్నాడు ఎల్డన్, ఊపిరి అందక.

"ఎవరూ పోలేదు. నువ్వే... నాకెందుకు చెప్పలేదు ఎల్డన్? ఐవీ పిన్ని చెబితే నాకు తెలియాలా?"

"ఐవీ పిన్నికి ఎవరు చెప్పారు?"

జనంలో ఉన్న వెండెల్ గబగబా పళ్ళేలు సర్దడం మొదలుపెట్టాడు. ఎల్డన్ పాస్టరు హబ్బర్డ్ వైపు తిరిగాడు. "అయ్యగారూ, నిజం చెప్పండి. నా గురించి డాక్టరు మీకేమైనా చెప్పాడా?"

పాస్టరుకి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేదు. కానీ రోగి ముందు మాట జారకూడదని ఆయన మర్యాద. "ఇప్పుడవన్నీ ఎందుకు నాయనా, ధైర్యంగా ఉండు," అని భుజం నొక్కాడు. దాంతో ఎల్డన్ పై ప్రాణాలు పైనే పోయాయి. పోయిన వారం ఫ్లూ సూదికని వెళ్ళినప్పుడు డాక్టరు తనవైపు అదోలా చూశాడని అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి ఆ రోజు డాక్టరుకి పంటినొప్పి.

ఇంతలో ఐవీ స్కాగ్స్ అతని చెయ్యి పట్టుకుంది. "ఎల్డన్ బాబూ, నీకు ఏమీ కాదు. దేవుడున్నాడు. అన్నట్టు, ఆ ట్రెయిలర్ ఎవరికీ మాట ఇవ్వకు నాయనా. మా మనవడు ముచ్చటపడుతున్నాడు."

పుండు మీద కారం చల్లడం అంటే అదే. లవోన్ కళ్ళు తుడుచుకుని లేచింది. "చాలు. ఇప్పుడే అమరిల్లో పట్నంలో పెద్దాసుపత్రికి పోదాం. వెండెల్, నువ్వూ రా." ఆమె కారు బయటికి తీద్దామంటే వెనక పరామర్శకి వచ్చినవాళ్ళ బండ్లు అడ్డం. ఎవరి తాళాలు ఎవరి దగ్గరున్నాయో తేలేలా లేదు. అడ్డం లేకుండా ఉన్నది కొట్టం దగ్గరున్న ఎల్డన్ ట్రక్కు ఒక్కటే. వెండెల్ ట్రెయిలర్ ఊడదీశాడు.

"తాళాలియ్యి, నేను నడుపుతాను," అంది లవోన్, చెయ్యి చాపి.

ఎల్డన్ జేబులో చెయ్యి పెట్టాడు గానీ తియ్యలేకపోయాడు. వాళ్ళ నాన్న కూడా ఇలాగే వాకిట్లో నిలబడ్డాడు, జేబులో చెయ్యి పెట్టుకుని. అప్పుడు తను విసుక్కున్నాడు. ఆయన ఎంత భయపడి ఉంటాడో ఆ రోజు తట్టనే లేదు. ఎల్డన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాళాలు ఆమె చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చున్నాడు.

లవోన్ హైవే ఎక్కి గట్టిగా తొక్కింది. యాభై, అరవై. ఎల్డన్ ఆమె చేతులవైపు చూసి కెవ్వున అరిచాడు.

"లవోన్! నీ చేతులు!"

ఆమె చూసుకుంది. రెండు చేతులూ జల్లెడ పట్టినట్టు వణుకుతున్నాయి. "ప్రభువా! ఇది అంటుకుంటుందా?"

"మనిద్దరం ఒకే కప్పులో తాగుతాం కదే..." అన్నాడు ఎల్డన్. తన పాపానికి ఆమె కూడా బలి అయిపోయిందని కుమిలిపోయాడు.

వెనక సీట్లోంచి పళ్ళు కటకటమన్న చప్పుడుతో ఒక గొంతు వినిపించింది. "బా... బావా... నాకూ వచ్చేసిందేమో బావా. నా ద... దవడ ఆగట్లేదు. రెండు గంటల క్రితం నీ చెయ్యి పట్టుకున్నాను కదా!"

"ఏడవకురా వెండెల్!" అని కసిరింది లవోన్. భయంతో ఆమె కాలు పెడల్ మీంచి లేచిపోయింది. వేగం నలభైకి పడిపోయింది. ఆమె చేతులూ, వెండెల్ దవడా ఒక్కసారే నిలిచిపోయాయి.

లవోన్ మళ్ళీ నెమ్మదిగా తొక్కింది. అరవై ఐదు. జబ్బు మళ్ళీ వచ్చింది. కాలు తీసింది. జబ్బు పోయింది.

"ఎల్డన్," అంది లవోన్, చాలా నిదానంగా. "నలభైలో నయమైపోయే నరాల జబ్బు ఎక్కడైనా ఉందా?"

దగ్గర్లో ఉన్న పెట్రోలు బంకులో ఆపింది. చర్చికి వేసుకునే గౌనులోనే ఉంది, అయినా సరే ఆ నూనె మరకల మీద మోకాళ్ళు ఆనించి, కుడివైపు వెనక చక్రాల మధ్య చెయ్యి భుజందాకా దూర్చింది. లోపలి టైరు వేళ్ళకి మెత్తగా దిండులా తగిలింది. గాలి కొలిచే గొట్టం పెడితే ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. బయటి టైరు లోపలిదాని బరువు కూడా తనే మోస్తూ ఎన్నాళ్ళుగా కుంటుతోందో ఎవరికి తెలుసు.

వెండెల్ పరువు కోసం బయటి చక్రాన్ని గుప్పిటతో గుద్దాడు. "మోగుతోంది కదక్కా!"

"మోగేదాన్నే వాయించి, బండి బాగుందని చెప్పావురా. మనిషిని పాడె ఎక్కించేశావు కదరా!"

ఎల్డన్ బంకు గోడకు చేరగిలపడ్డాడు. ముందు నవ్వాడు, తర్వాత ఎవరు చూస్తున్నారన్నది కూడా మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముగ్గురూ కలిసి చెమటలు కక్కుతూ స్టెప్నీ బిగించారు. లవోన్ గౌనుకి చేతులు తుడుచుకుని, తాళాలు తీసి అతని అరచేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

తిరుగు దారిలో ఎల్డన్ అరవై ఐదులో నడిపాడు. బండి నీళ్ళ మీద పడవలా పోతోంది. అతని చేతులు స్టీరింగ్ మీద రెండు రాళ్ళలా కదలకుండా ఉన్నాయి. "ఆ రోజు నాన్నని భయంగా ఉందా అని ఒక్క మాట అడగలేదు లవోన్," అన్నాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

సోమవారం డాక్టరు సంతకం పెట్టాడు. ప్రార్థనల గొలుసుకు కూడా కబురు అందింది, కానీ చావు కబురంత వేగంగా టైరు కబురు నడవదు. చివరికి కడిగిన గాజు పళ్ళేలన్నీ ట్రక్కులో పేర్చుకుని ఎల్డనే ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ బయటికొచ్చి, ముందు అతని చేతులు చూశారు. ఐవీ స్కాగ్స్ మనవడైతే కాస్త నిరాశగా కూడా చూశాడు. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ బండి వెనక్కి వెళ్ళి, బయటి చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని, "ఇప్పుడు అంతా బాగానే ఉందిలే," అన్నారు.