తిరగబడిన పడవ

మైపాడు మత్స్యకారుల సంఘం సభ్యులకు ఆ ఉదయం కొత్త ధ్రువపత్రాలు ఇవ్వాలని నిర్ణయమైంది. ఆ పని సంఘం కంప్యూటర్ ఆపరేటర్ గంగాభవానిది. సభ్యుల పేర్లు ఎక్కిస్తే చాలు, ఒక ప్రోగ్రాం ఎవరి పత్రం వారికి తయారుచేస్తుంది. పైన సంఘం గుర్తు, తెరచాప ఎత్తిన పడవ, ఉండాలి.

నెల్లూరు చిత్రకారుడు పడవను కంప్యూటర్‌లోనే గీసి పంపాడు. ఎంత పెద్దది చేసినా గీతలు చెదరని రకం ఫైలు అది. అయితే ప్రోగ్రాం ఆ రకాన్ని తీసుకోలేదు. భవాని దాన్ని మరో రకంలోకి మార్చింది. మొదటి రకం కొలతలను పైనుంచి కిందికి లెక్కిస్తుంది, రెండోది కిందినుంచి పైకి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ప్రింటర్‌లోంచి పత్రాలు బోర్లా పడుతూ వచ్చాయి. ఆమె వాటిని తిప్పి చూడకుండా అలాగే కవర్లలో పెట్టి సభకు పంపి, మిగిలినవి అచ్చు వేస్తూ వెనక గదిలో ఉండిపోయింది.

సభలో అధ్యక్షుడు కామాక్షయ్య తన కవరు విప్పి పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెరచాప కిందికి, పడవ అడుగు పైకి. పక్కవాళ్ల పత్రాలూ చూశాడు. అన్నీ అంతే. అశుభమనిపించి, బయటికి వెళ్లి భార్య కామాక్షమ్మకు ఫోన్ చేశాడు.

"పడవ తిరగబడిందే. అందరివీ," అని పెట్టేశాడు.

కామాక్షమ్మ చేపల బుట్ట పడేసి, పడవ మునిగిందని వీధిలో కేకలు వేసింది. వీధి వీధంతా ఇసుకలోకి పరుగెత్తింది. వేటలో ఉన్నవాళ్లకు ఎవరో ఫోన్ చేసి, పడవ మునిగింది, వెంటనే రమ్మన్నారు. కామాక్షమ్మ భవానికీ ఫోన్ చేసి, మస్తాన్ ఏ పడవలో పోయాడని అడిగింది. మస్తాన్ భవాని భర్త. ఆమె ప్రింటర్‌ను నడుస్తుండగానే వదిలేసి, చెప్పులు లేకుండా తీరానికి పరుగెత్తింది.

ఆడవాళ్ల ఏడుపు సభదాకా వినిపించింది. పడవ మునిగిందని విని కామాక్షయ్య పత్రాల సంగతే మరిచిపోయాడు. పంచె ఎగగట్టి అందరికంటే ముందు నీళ్లలోకి దిగాడు. సభ్యులు దొరికిన పడవనల్లా సముద్రంలోకి నెట్టారు.

కొంత దూరం పోయాక వేట పడవలు ఎదురొచ్చాయి. ముందు పడవలో మస్తాన్ ఉన్నాడు.

"మునిగింది ఎవురిది రా?" అన్నాడు కామాక్షయ్య.

"మీరు పిలిస్తేనే గదా మేం వచ్చింది. మీరు చెప్పాల," అన్నాడు మస్తాన్.

రెండు వైపులా తలలు లెక్కపెట్టుకున్నారు. ఎవరూ తక్కువ కాలేదు.

ఒడ్డున మస్తాన్‌ను చూసి భవాని నీళ్లలోకి ఎదురెళ్లింది. మాట ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే ఒకరి నుంచి ఒకరికి వెళ్లి కామాక్షమ్మ దగ్గర ఆగింది. ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన జేబులోంచి తడిసిన పత్రం తీసి భవానికి ఇచ్చాడు. భవాని అప్పుడు చూసింది పడవ బొమ్మను.

"మళ్లీ అచ్చేస్తాను పెద్దాయనా. ఇవన్నీ చించేస్తాను."

కామాక్షమ్మ పత్రాన్ని లాక్కుని, ఇసుకలో మరమ్మతు కోసం బోర్లించిన పడవల వైపు చూసింది.

"చించేది ఏంది? బోర్లించిన పడవంటే ఒడ్డుకొచ్చిన పడవే గదా. నాకు ఇదే మేలు," అంది.

సాయంత్రానికి, అశుభమని తమ పత్రాలు తిరిగి ఇచ్చినవాళ్లు కూడా మళ్లీ అడిగి తీసుకుపోయారు. బోర్లించిన పడవే ఇకమీదట సంఘం గుర్తని తీర్మానం జరిగింది.

చిత్రకారుడు ఈసారి పడవను తలకిందులుగానే గీసి పంపాడు. భవాని ఆ ఫైలును ఎప్పటిలాగే మార్చి అచ్చు వేసింది. పడవ నిటారుగా, తెరచాప పైకెత్తి, చక్కగా వచ్చింది.