మైనస్ నలభై డిగ్రీల పొగ

మనిషి కళ్లతో చూసి, చేత్తో తాకి నిజం తెలుసుకునే అనాగరిక దశ ముగిసిందని పాఠక మహాశయులకు మనవి. ఇప్పుడు నిజాన్ని సెన్సరు చెబుతుంది, కంప్యూటరు వింటుంది, మనం సంతకం పెడతాం.

ఈ సంగతి ఇంకా తెలియని నర్సు ఒకామె ఉండేది. ఇంటింటికీ వెళ్లి, మానని పుళ్లకు కట్లు మార్చడం ఆమె పని. ఒక సోమవారం పొద్దున్నే ఆమె కారులో పసుపు దీపం వెలిగింది. ఆ వెంటనే కారు ముప్పై కిలోమీటర్ల వేగం దాటనని మొండికేసింది. సర్వీస్ సెంటర్‌లో సలహాదారు (సలహా ఆయన పని కాదు, హోదా) కంప్యూటరు తగిలించి చూశాడు.

"పొగ వేడిని కొలిచే సెన్సరు పోయింది మేడమ్. పొగ మైనస్ నలభై డిగ్రీలని చూపిస్తోంది."

"అంటే పొగ గడ్డకట్టిందా? గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, కాలుతోంది."

"చేతికి మా దగ్గర గుర్తింపు లేదు మేడమ్."

సెన్సరు మార్చారు. పొగ మైనస్ నలభై. మార్చిన సెన్సరును మళ్లీ మార్చారు. పొగ చలించలేదు (ఆ చలిలో ఎవరు మాత్రం చలిస్తారు). రెండోరోజు మేడ మీదనుంచి ఉష్ణోగ్రతల విశ్వసనీయతాధికారి స్వయంగా దిగివచ్చాడు. కారు వైపు చూడలేదు, ఫైలు చూశాడు. పద్నాలుగో నిబంధన ప్రకారం రెండుసార్లు మార్చిన సెన్సరు తప్పు చెప్పదు. కాబట్టి తప్పు నడిపే మనిషిది.

"మీరేమైనా కారును చల్లగా నడుపుతున్నారా? గుర్తు చేసుకోండి," అన్నాడు.

"చల్లగా నడపడమేంటండీ! క్వారీ అవతల ఒక మాస్టారు కాలి పుండుతో ఎదురుచూస్తున్నారు. అటు బస్సు లేదు, ఆటోవాళ్లు రామంటున్నారు. ఆ కట్టు నిన్ననే మార్చాలి."

"ఆయన మా కస్టమరా?"

కాదు. చర్చ అక్కడితో ముగిసింది.

బుధవారం ఆమె కారును బతిమాలి బయటికి తెచ్చుకుని, నత్తనడకన వైర్ల మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ పెద్దాయన గోనెపట్టా పరిచి కిందికి దూరి, తీగను వేళ్లతో తడుముకుంటూ పోయాడు.

"ఇదిగోనమ్మా నీ మంచుగడ్డ. క్లిప్పు ఊడి తీగ గొట్టం మీద పడింది. వేడికి తొడుగు కరిగి లోపల తెగిపోయింది."

"రెండు సెన్సర్లు మార్చారు బాబాయ్!"

"ఫోను తీగ తెగితే మాట్లాడే మనిషిని మార్చినట్టుంది."

తీగ అతికించి, వేడికి ఆగే తొడుగు వేసి, కొత్త క్లిప్పుతో బిగించాడు. కారు కంప్యూటరులో నమోదైన పాత తప్పును చెరిపి ఇంజిను వేస్తే, పొగ పొగలాగే వేడెక్కింది. దీపం ఆరింది. మొత్తం అరగంట పని.

అయితే ఫిర్యాదు నమోదైన బండి పొగ పరీక్ష నెగ్గితేగాని రోడ్డెక్కకూడదు. పరీక్ష కిటికీ దగ్గర గుమాస్తా కారు వంక తలెత్తకుండానే, "సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు ఇంకా తెరిచే ఉంది. ముందు మూయించుకు రండి," అన్నాడు. ఆమె పరుగున వెనక్కి వెళ్లింది.

"బండి బాగుపడింది, కాదనను మేడమ్," అన్నాడు సలహాదారు. "కానీ కారణం రాయాలి కదా. ఇందులో రెండే గళ్లున్నాయి. సెన్సరు, డ్రైవరు."

"తీగండీ, తీగ తెగింది!"

"తీగకు గడి లేదు. సెన్సరని రాస్తే మూడోది మార్చాలి, అది రావడానికి పదిరోజులు. డ్రైవరని రాస్తే ఇప్పుడే మూసేస్తా."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పెన్ను లాక్కుని, డ్రైవరు గడిలో కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టింది. సలహాదారు కృతజ్ఞతలు చెప్పి, తమ సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగాడు.

పొగ పరీక్ష నెగ్గి గురువారం పొద్దున్న వెళ్లేసరికి, మాస్టారి గుమ్మంలోనే ఆమెకు వాసన తగిలింది. కట్టు విప్పేసరికి, మానుముఖం పట్టిన పుండు ఎముక దాకా చీముపట్టి ఉంది. మాస్టారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన కూతురు నిలదీసింది.

"నాలుగు రోజులు! ఎవరండీ దీనికి బాధ్యులు?"

నర్సు గ్లౌజులు తొడుక్కుంటూ చెప్పింది. "నేనేనండీ. సంతకం కూడా పెట్టాను."