లైనక్స్‌కు జలుబు చేయదు

ఆ ఉదయం పేజీల మాష్టారి పథకం చాలా చిన్నది. ఇల్లాలు ఏడాదిపాటు కూర్చుని రాసిన పిల్లల లెక్కల పుస్తకానికి చివరి పేజీ సర్ది, మధ్యాహ్నంలోగా ప్రెస్సుకు అందించాలి. ఆలస్యమైతే బడులు తెరిచేనాటికి పుస్తకం రాదు. ఆ తర్వాత వచ్చినా కొనేవాళ్ళుండరు.

పుస్తకాలకు పేజీలు కట్టడం మాష్టారి వృత్తి. తన కంప్యూటర్ని నడిపించే లైనక్స్‌ను పొగడటం ప్రవృత్తి. “వైరస్సా? మా లైనక్స్‌కి జలుబు కూడా చెయ్యదు!” అని ఇంటికొచ్చిన ప్రతివారికీ చెప్పేవారు. యాంటీవైరస్‌లు అమ్ముకుని బతికే బావమరిదికైతే రెండుసార్లు చెప్పేవారు. పాపం, అతగాడు నవ్వేసి ఊరుకునేవాడు.

మాష్టారు కుర్చీలో సర్దుకుని మౌస్ కదిపారు. తెర మీద బాణం కదల్లేదు. చెయ్యి తీశారు. అప్పుడు కదిలింది! దానంతటదే వెళ్ళి మూడో పాఠంలోని కుందేలు బొమ్మను పట్టుకుని, ఈడ్చుకెళ్ళి భాగహారం మీద పడేసింది. ఆయన గాభరాగా ఇంటర్నెట్ తీగ పీకేశారు. కుందేలు వెనకే తాబేలూ బయల్దేరింది.

“ఏమోయ్! ఒకసారి ఇటు రా!”

“జలుబు చెయ్యదన్నారుగా?” అంటూ తుడుపుగుడ్డతో వచ్చిన ఇల్లాలికి తెర చూడగానే నవ్వు ఎగిరిపోయింది. “అయ్యయ్యో, నా పుస్తకం! ఇంకో కాపీ ఉందా?”

జబ్బే రాని యంత్రానికి ఇంకో కాపీ ఎందుకులెమ్మని మాష్టారు తీయలేదు.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు, పక్కగదిలోంచి అత్తగారి కేక. “అల్లుడుగారూ! నా పేకముక్కలు వాటంతటవే పరిగెడుతున్నాయి!” కొత్త లాప్‌టాప్‌లో పేకాట ఆవిడకు ఈమధ్యే పట్టుకున్న సరదా.

“గోడ దాటి అంటుకుందండీ!” అంటూ ఇల్లాలు తమ్ముడికి ఫోను కొట్టింది.

బావమరిది రెక్కలు కట్టుకుని వాలాడు. “నేను చెబితే విన్నావా బావా? ముందు నా పెన్‌డ్రైవ్‌లో ఉన్న యాంటీవైరస్ ఎక్కించి, మొత్తం వెతికిస్తా. తర్వాత పుస్తకం ఇదే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తిన్నగా ప్రెస్సులో ఇచ్చేద్దాం.”

కీబోర్డు మీటలతోనే మొదలెట్టిన వెతుకులాట సాగుతుండగా అత్తగారు తన మౌస్ పుచ్చుకుని వచ్చారు. “మీరే చూడండి. ఇలా జరిపితే అక్కడేమీ కదలదు,” అని బల్ల మీద పెట్టి జరిపారు. మాష్టారి తెర మీద బాణం బుద్ధిగా జరిగింది. ఆవిడ ఎడమకు తిప్పితే ఎడమకు, కుడికి తిప్పితే కుడికి.

ఇల్లాలు నాలిక్కరుచుకుంది. “పొద్దున బల్లలు తుడుస్తూ... రెండూ ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుందండీ?”

రెండూ తీగ లేని తెల్ల మౌసులే. మాష్టారే జతగా కొన్నారు. ఇక్కడిది అక్కడికి వెళ్ళింది, అక్కడిది ఇక్కడికి వచ్చింది. ఏ గదిలో ఉన్నా ప్రతి మౌసూ తన జత కంప్యూటర్నే ఆడిస్తోంది. అత్తగారు రాణి మీదికి జాకీని లాగినప్పుడల్లా ఇక్కడ కుందేలు బలైంది.

మాష్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కుందేలునూ తాబేలునూ చిటికెలో ఇళ్ళకు పంపేశారు. “విన్నావట్రా? జలుబు చెయ్యదు!” అని మీసం దువ్వారు.

అప్పుడే వెతుకులాట ముగిసింది. తెర నిండా ఎర్రక్షరాలు. వైరస్‌లు గంపెడు! మాష్టారి ముఖం పాలిపోయింది, బావమరిది ముఖం వెలిగిపోయింది. ఇల్లాలు వంగి చదివింది. “ఒరేయ్ తమ్ముడూ, ఇవన్నీ నీ పెన్‌డ్రైవ్‌లోవేరా!”

“అవి వేరే రకం కంప్యూటర్లకు పుట్టినవక్కా,” అతను నసిగాడు. “బావ మిషన్ని ఏమీ చెయ్యలేవు.”

“మరి ప్రెస్సువాళ్ళది?”

“అది... ఆ వేరే రకమే.”

మాష్టారు చటుక్కున పెన్‌డ్రైవ్ లాగేశారు. తనకు అంటకపోయినా, తన చేత్తోనే పదిమందికీ పంచిపెట్టి ఉండేవారు! పీకిన తీగ మళ్ళీ పెట్టి, పుస్తకాన్ని నెట్‌లోనే ప్రెస్సుకు పంపారు. టైముకే అందిందని కబురొచ్చాక ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు.

“యాంటీవైరస్ తీసెయ్యనా బావా?”

“ఉండనీరా,” అన్నారు మాష్టారు.

ఇప్పటికీ ఆ ఇంట్లో కంప్యూటర్‌కు యాంటీవైరస్ అక్కర్లేదు, వచ్చే చుట్టాలకే కావాలి.